మా ఇంట్లో పిల్లి, మా వంశంలో దమ్ము

మా తాతది మా దగ్గర మిగిలిన ఫోటో ఒక్కటే. వాకిట్ల నులక మంచం మీద కూర్చున్నడు, భుజం మీద రుమాలు, ముఖంలో నవ్వు లేదు. ఇన్నేళ్ళూ ఆ ఫోటోలో తాత మీసాలే చూసినం. కిందటేడు స్కాన్ చేసి పెద్దది చేస్తే, మంచం కాళ్ళకట్టు దిక్కు గొంగడి మీద ఒక పిల్లి ముడుచుకుని పడుకొని కనబడ్డది.

మా తాతకు దమ్ము. చలికాలమొస్తే రాత్రంతా కూర్చునే నిద్రపోయేటోడట. ఆ దమ్మూ ఆ పిల్లీ ఒకే ఫోటోలో ఉన్నాయన్న సంగతి నాకు తట్టడానికి నా పెళ్ళి, నాగపూర్‌ల ఒక డాక్టరు, ఇంకొక పిల్లి కావలసి వచ్చాయి. ఈసారి ఆ కథ రాస్తున్నా.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు ఊరి సంగతి రెండు ముక్కల్లో. మా పెద్దలు ఎక్కడి నుంచో కోర్పనాకు వలస వచ్చినవాళ్ళు కారు. తాత పుట్టినప్పుడు ఇది నిజాం రాజ్యం, ఆదిలాబాద్ జిల్లా రాజురా తాలూకాలోని ఊరు. 1956 నవంబరు 1న రాష్ట్రాలను భాషల లెక్కన విడదీసినప్పుడు రాజురా తాలూకా బొంబాయి రాష్ట్రంలోకి, నాందేడ్ జిల్లాకు పోయింది. 1959లో చాందా జిల్లాలో, అంటే ఇప్పటి చంద్రపూర్‌లో కలిసింది. తర్వాత కోర్పనా వేరే తాలూకా అయింది. తాత మంచం కదలలేదు, దాని కింద రాష్ట్రం మారింది. ఇంట్లో తెలుగు, బజార్ల మరాఠీ. పిల్లికూనను మరాఠీలో 'పిల్లూ' అంటారు. పక్కింటి ఆయి 'మాంజరీచ పిల్లూ' అని పిలిస్తే, పిల్లికి మళ్ళీ పిల్లేందని మా చిన్నప్పుడు పడిపడి నవ్వేవాళ్ళం.

గరిసెకు కాపలా

తాత కాలంలో పిల్లి ముద్దు కోసం పెంచుకున్న జీవి కాదు, ఇంటి పనిమనిషి లెక్క. ఇంట్లో జొన్నల గరిసె, కందుల సంచులు, ఏరినంక అమ్ముడయ్యేదాకా ఒక అర్ర నిండా పత్తి. గింజలున్న చోట ఎలుక, ఎలుక ఉన్న చోట పిల్లి. ఎలుకల బాధకు రాయలవారు ఇంటికో పిల్లినీ దాని పాలకు ఒక ఆవునూ పంచాడనీ, తెనాలి రామలింగడు తన పిల్లికి కాగే పాలు పోశాడనీ కథ చెప్పుకుంటం కదా. కథ సంగతెట్లున్నా, పిల్లికి జీతం పాలేనని మన పెద్దలకు బాగా తెలుసు.

ఎలుకంటే గింజల నష్టమే కాదు, ప్లేగు కూడా. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు దేశమంతా పాకింది. ఎలుక మీది గోమారే దాన్ని మనిషికి అంటిస్తుందని ఫ్రెంచి డాక్టరు పాల్ లూయీ సిమోన్ 1898లో కరాచీలో చేసిన ప్రయోగంతో చూపించాడు. మన విదర్భ దిక్కునే పనిచేసిన ఆండ్రూ బుకానన్ అనే ఇండియన్ మెడికల్ సర్వీసు డాక్టరు, పిల్లులు ఎక్కువున్న ఊళ్ళల్లో ప్లేగు తక్కువని లెక్కలు చూపిస్తూ, ప్లేగును ఆపేందుకు పిల్లుల్ని పెంచాలని 1908లో రాశాడు. ప్లేగు పిల్లులకూ వస్తుందని ఇప్పుడు మనకు తెలుసు. కానీ అప్పట్లో పిల్లిని ఇంట్లో ఉంచుకొమ్మని ఒక డాక్టరే చెప్పాడన్నది గుర్తు పెట్టుకోవాలి.

అట్లని పిల్లిని ఇల్లంతా తిరగనిచ్చేవాళ్ళు కాదు. పాలు, పెరుగు, నెయ్యి దూలానికి వేలాడే ఉట్టి మీద. పిల్లి శాపాలకు ఉట్లు తెగవన్న సామెత అందులోంచే పుట్టింది. వంటింట్లకు వస్తే నాయనమ్మ చీపురు తీసేది. కానీ కొట్టేది కాదు. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమియ్యాలని, మన దగ్గర బంగారం ఏడిదని అనేది. పిల్లి చోటు అటక, గరిసె, వాకిలి. చలికాలం మాత్రం తాత గొంగడి. ఆ ఒక్క చోట నాయనమ్మ చీపురు పనిచేయలేదు.

చేప ప్రసాదం

తాత దమ్ముకు మందు ఎక్కడిదంటే హైదరాబాద్‌ది. ఏటా జూన్‌లో మృగశిర కార్తె నాడు బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం గురించి మీ ఇళ్ళల్లోనూ వినే ఉంటారు. చిన్న కొరమీను పిల్ల నోట్లో పసుపుపచ్చని మూలికల ముద్ద పెట్టి, బతికుండగానే మింగిస్తారు. 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెప్తుంది. వరసగా మూడేండ్లు మింగాలని నియమం. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. మొదట పాతబస్తీ దూద్‌బౌలిలో ఇచ్చేవాళ్ళు, తర్వాత నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. దీనితో ఆస్తమా తగ్గుతుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదని హేతువాదులు గట్టిగా వాదించారు. చేప మందు అనే పేరు పోయి ప్రసాదం అన్న మాట స్థిరపడడం వెనక ఆ వాదన ఉంది.

తాత రాజురా మీదుగా వర్ధా నది దాటి బల్లార్షా పోయి రైలెక్కేవాడు. కాజీపేట–బల్లార్షా లైను 1929లో పూర్తయింది కాబట్టి మా దిక్కు వాళ్ళకు హైదరాబాద్ దూరమైనా దారి ఉన్న ఊరే. మూడేండ్లు పోయొచ్చాడు. దమ్ము మాత్రం ఆయనతోనే పోయింది. మూడేండ్లు చేపలు మింగినాయన ఇంటికొచ్చి పండుకునేది, చేపల కోసం ప్రాణమిచ్చే జంతువు పక్కనే!

'పడదు' అనే మాట

అలర్జీ అనే మాట పుట్టి ఇంకా నూటపాతికేళ్ళు కాలేదు. 1906లో వియన్నా పిల్లల డాక్టరు క్లెమెన్స్ ఫాన్ పిర్కే దాన్ని కల్పించాడు. మనకు అంతకంటే సులువైన మాట ఉంది: పడదు. "నాకు వంకాయ పడదు" అంటం. "వాళ్ళిద్దరికీ పడదు" అని కూడా అంటం. ఒంటికి సరిపడనిదీ మనసుకు సరిపడనిదీ మనకు ఒక్క మాటలోనే ఉన్నాయి.

పిల్లి ఎందుకు పడదో తెలియడానికి ఇంకా కాలం పట్టింది. చాలామంది అనుకున్నట్టు అది వెంట్రుకల తప్పు కాదు. పిల్లి లాలాజలంలో, చర్మంలోని తైల గ్రంథుల్లో తయారయ్యే ఒక ప్రొటీన్ ఉంది. శాస్త్రవేత్తలు దాన్ని 1970ల మొదట్లో విడదీశారు. తర్వాత ఫెల్ డి 1 అని పేరొచ్చింది. పిల్లి రోజంతా ఒళ్ళు నాక్కుంటది. ఎండిన లాలాజలం సన్నని పొడి అయ్యి గాల్లో గంటల తరబడి తేలుతుంది. బట్టలకు, గోడలకు, పరుపులకు అంటుకుంటుంది. పిల్లులే లేని ఇళ్ళల్లో, బడుల్లో కూడా అది దొరికింది. పిల్లిని ఇంట్లోంచి పంపేసినా ఆ పొడి తగ్గడానికి నెలలు పడుతుంది. అలర్జీ తత్వం కుటుంబాల్లో దిగి వస్తుందన్నది కూడా ఇప్పుడు అందరూ ఒప్పుకున్న మాటే.

అరణంగా వచ్చిన పిల్లి

మా ఇంటామెది మంచిర్యాల దిక్కు. పెళ్ళికి ఆవునో దూడనో అరణమిస్తారని విన్నం గానీ, ఈమె పిల్లిని తెచ్చుకుంది. గోధుమ రంగు ఆడపిల్లి. పేరు బుజ్జి.

పెళ్ళైన మొదటి చలికాలం నాకు తుమ్ములు మొదలైనయి. పొద్దున లేస్తే కళ్ళు ఎర్రగా, ముక్కు కారుతూ ఉండేది. పత్తి సీజన్ కదా, దూది దుమ్మే అనుకున్న. ఇక్కడ సిమెంటు దుమ్ము ఉండనే ఉంది. తప్పు మోపడానికి మా ఊర్ల దేనికీ కొరత లేదు. కానీ పత్తి అమ్ముడుపోయినంక, వానలు పడ్డంక కూడా తగ్గలేదు. ఒకరోజు రాత్రి ఛాతీలో పిల్లికూత మొదలైంది. మన భాషలో దాని పేరే పిల్లికూత చూడండి! బాపు లేచి కూర్చుని నన్ను చూసి, "అచ్చం మీ తాత లెక్కనే" అన్నడు.

నాగపూర్‌ల డాక్టరు ముంజేతి మీద వరసగా చుక్కలు వేసి సూదితో గీకాడు. పావుగంటలో పిల్లి చుక్క కింద దద్దురు లేచింది. దుమ్ము పురుగు చుక్క దగ్గర కొంచెం ఉబ్బింది. దూది దుమ్మును ఇన్ని నెలలు ఊరికే తిట్టిన.

ఇంటికొచ్చినంక పంచాయితీ. అమ్మ తేల్చేసింది: "సంచిల ఏసి గడ్‌చాందూర్ అవతల ఇడిసిరాపో. పాణం కన్నా పిల్లి ఎక్కువనా?" మా ఇంటామె అన్నం తినలేదు. రాత్రి మెల్లగా అన్నది: "ఇడిసిరమ్మంటే ఇడుస్త. మీ ఊపిరి కన్నా ఎక్కువ కాదు. కానీ తల్లిగారింటి నుంచి నాతోని వచ్చిన పాణం గిదొక్కటే. నాతోని తెలుగు అర్థమయ్యేది ఇంట్లో అందరికీ ఉన్నది గానీ, నేనేందో ముందు నుంచి తెలిసింది దీనికొక్కదానికే."

నేను జవాబు చెప్పలేదు. మళ్ళా డాక్టరు దగ్గరికి పోయి నేరుగా అడిగిన. ఆయన ఇట్లన్నడు: పిల్లిని పంపడమే అన్నిటికన్నా మంచిది. నీది ఇప్పటికి చిన్నపాటిదే. మందు తప్పకుండా వాడితే, పడకగది వేరు చేస్తే చూద్దాం. దమ్ము పెరిగితే మాత్రం మాట్లాడేది లేదు, పిల్లి పోవాల్సిందే. దానికి ఇద్దరం ఒప్పుకున్నం. మా ఇంటామె మంచిర్యాలలో తమ్మునికి ఫోన్ చేసి, అవసరమైతే బుజ్జిని తీసుకపోవాలని ముందే మాట తీసుకుంది. ఆ మాట తీసుకున్న రోజు ఆమె ఏడ్చింది.

తర్వాత చేసినవన్నీ చూస్తే నాయనమ్మ పద్ధతులే. బుజ్జికి పడకగది బంద్, పగలు కూడా తలుపు మూసే ఉంటది. దాని చోటు వాకిలి, పాత గరిసె ఉన్న అర్ర. నేను ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి, కళ్ళు నలపొద్దు. దుప్పట్లు వారానికోసారి వేడినీళ్ళల్లో. పరుపుకు, దిండ్లకు గట్టి గలీబులు. చీపురు బదులు తడిగుడ్డ, ఎందుకంటే చీపురు పొడిని మళ్ళీ గాల్లోకి లేపుతుంది. అన్నీ మూసుకుని ఏసీ వేసుకోవడం మానేసి కిటికీలు తెరిచినం. ఇన్‌హేలర్ రోజూ. ఏ జాతి పిల్లీ పూర్తిగా అలర్జీ లేనిది కాదంటారు కాబట్టి పిల్లిని మార్చే ఆలోచన కూడా అక్కరలేకపోయింది.

నాలుగు చలికాలాలు గడిచినయి. రెండుసార్లు మందు పెంచాల్సి వచ్చింది. పిల్లికూత మళ్ళా రాలేదు. ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పను. మీ ఇంట్లో పిల్లలకు గట్టి దమ్ము ఉంటే, డాక్టరు పంపేయమంటే, పంపేయండి. అది పాపం కాదు. బంగారు పిల్లి అక్కరలేదు.

ఇప్పుడు మాకు రెండేళ్ళ బిడ్డ. నా ముక్కు దానికి వచ్చిందని అందరూ ముద్దుగా అంటుంటే నాకు భయమేస్తుంది. అందుకే మా వంశవృక్షంలో ఈసారి ఒక కొత్త వరుస చేర్చిన: ఎవరికి ఏది పడదు. తాతకు దమ్ము. పెద్దత్తకు శనగపిండితో దద్దుర్లు. నాకు పిల్లి, దుమ్ము పురుగు. ఊర్లు, గోత్రాలు, రాష్ట్రాలు మారిన తేదీలు అన్నీ రాసుకున్నం గానీ, ఒంట్లో మోసుకొచ్చినవి ఎన్నడూ రాయలేదు. మీరూ రాసి పెట్టండి. మీ పెద్దవాళ్ళు ఉండగానే అడగండి.

ఫోటోలో తాత కాళ్ళ దగ్గరున్న పిల్లి పేరేందని బాపును అడిగిన. యాదికి లేదన్నడు. మా పిల్లి పేరు బుజ్జి, 2020లో మంచిర్యాల నుంచి వచ్చింది, వాకిట్ల పండుకుంటది. రాసి పెట్టిన.