సరిహద్దు గీత – చిత్రకారుని గీత

'కాందిశీకుడు' అనే మాటలో ఒక ప్రశ్న ఉన్నది. 'కాం దిశం' – ఏ దిక్కుకు పోవాలి – అని అడిగేవాడు కాందిశీకుడు. 1942లో జపాన్ సైన్యం బర్మాను ఆక్రమించినప్పుడు రంగూన్ రేవులోను, బియ్యం మిల్లుల్లోను కూలిపని చేసుకుంటున్న తెలుగువాళ్ళు వేల సంఖ్యలో ఇళ్ళుముంగిళ్ళు వదిలి వెనక్కు వచ్చారు. కొండలు, అడవులు దాటి నడిచి వచ్చినవాళ్ళెందరో, దారిలో రాలిపోయినవాళ్ళెందరో. బర్మా నుంచి పారిపోయి వచ్చిన మనిషిని నాయకుణ్ణి చేసి జాషువా తన కావ్యానికి ఆ పేరే పెట్టాడు. అయితే కాలక్రమాన ఆ మాటలోని ప్రశ్న మరుగున పడింది. కాందిశీకుడంటే ఇవాళ మనకు ఒక జాలి, ఒక గుంపు, ఒక అంకె. అడిగే నోరు పోయి, చూసేవాళ్ళ కంట నీరు మాత్రమే మిగిలింది.

నేను చిత్రకళా విమర్శకుణ్ణి కాను. బడిలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయినా వలసను గురించిన మన కథలు, కవితలు చదువుతున్నప్పుడల్లా ఒక విషయం తోస్తుంది. మనం వలస మనిషిని చాలామటుకు ఫోటోలో చూసినట్టే చూస్తున్నాం. నెత్తిన మూట, చంకన బిడ్డ, ముందు దుమ్ము దారి. ఈ చూపు ఎక్కడినుంచి వచ్చింది? దీన్ని ఎదిరించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఈ ప్రశ్నలకు జవాబు మన సాహిత్య చరిత్రలో కన్నా ఈ ఉపఖండపు చిత్రకళా చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుందని నా నమ్మకం.

పేవ్‌మెంటే సరిహద్దు

సరిహద్దు అనగానే మనం 1947 నుంచి మొదలుపెడతాం. కాని అంతకు నాలుగేళ్ళ ముందే బెంగాల్‌లో ఒక సరిహద్దు గీసి ఉన్నది. అది మొదట బియ్యానికి వచ్చింది, తర్వాత మనుషులకు వచ్చింది. జపాన్ సైన్యానికి దొరకకూడదని 1942లో బ్రిటిష్ ప్రభుత్వం తీరప్రాంతపు ధాన్యాన్ని తీసేసింది, పడవలను స్వాధీనం చేసుకున్నది. ఆ అక్టోబరులో మిడ్నపూర్ మీద తుఫాను విరుచుకుపడింది. ఒక రాష్ట్రపు ధాన్యం మరో రాష్ట్రానికి పోకుండా అడ్డంకులు వచ్చాయి. యుద్ధ పరిశ్రమలున్న కలకత్తాకు చవక బియ్యం ఏర్పాటయింది. ఆ బియ్యం పండించిన పల్లెకు ధర అందకుండా పోయింది. అప్పుడు పల్లె లేచి పట్నానికి నడిచింది. చనిపోయినవారు 15 లక్షలని 1945లో విచారణ సంఘం అన్నది. తర్వాతి పరిశోధకులు 30 లక్షల దాకా చెప్పారు.

ప్రభుత్వం దీన్ని కరువని చట్టరీత్యా ప్రకటించనేలేదు. కలకత్తా వీధుల్లో పడి ఉన్నవాళ్ళకు కాగితాల మీద పెట్టిన పేరు 'డెస్టిట్యూట్లు' – అంటే దిక్కులేనివాళ్ళు. ఈ మాటను ఒక్క క్షణం ఆగి పరిశీలించాలి. అతడు నిన్నటిదాకా కౌలు రైతు, జాలరి, సాలె, పడవ నడిపేవాడు. 'దిక్కులేనివాడు' అనగానే అతని వృత్తి పోయింది, ఊరు పోయింది, అన్నిటికన్నా ముఖ్యంగా అతణ్ణి అలా చేసిన కారణం పోయింది. 1943 చివర ఒక ఆర్డినెన్సు తెచ్చి ఇలాంటివారిని వీధుల నుంచి ఏరి నగరం బయటికి తరలించారు. తన దేశంలోనే, తన జిల్లాకు పక్కనే, రైతు పరాయివాడయ్యాడు. పేవ్‌మెంటే సరిహద్దయింది.

ఆ ఆగస్టు 22న 'స్టేట్స్‌మన్' పత్రిక వీధుల్లోని శవాల ఫోటోలు అచ్చువేసి ప్రభుత్వపు మౌనాన్ని బద్దలు కొట్టింది. అది సాహసమే. కాని ఫోటో 'చూడండి, చచ్చిపోతున్నారు' అని చెప్పింది. 'వీళ్ళెవరు, ఎందుకు వచ్చారు' అనే ప్రశ్నను చిత్రకారులు చేపట్టారు.

పేరు రాసిన బొమ్మలు

చిత్తప్రసాద్ (1915–1978) కమ్యూనిస్టు పార్టీ చిత్రకారుడు. 1943 నవంబరులో స్కెచ్ పుస్తకం పట్టుకొని మిడ్నపూర్ జిల్లాలో ఊరూరా తిరిగాడు. అందరూ పట్నానికి వచ్చిన మనిషిని చూస్తుంటే, అతడు ఆ మనిషి వదిలి వచ్చిన ఊరికి వెళ్ళాడు. వలసను చివరి మెట్టు దగ్గర కాక మొదటి మెట్టు దగ్గర పట్టుకున్నాడు. బొమ్మ గీసి ఊరుకోలేదు. మనిషి పేరు, ఊరు, అతనికి జరిగినది బొమ్మలతోపాటు రాసుకున్నాడు. ఆ బొమ్మలు, ఆ రాత కలిసి 'హంగ్రీ బెంగాల్' అనే చిన్న పుస్తకంగా వచ్చాయి. బ్రిటిష్ ప్రభుత్వం 5,000 ప్రతులను పట్టుకొని తగలబెట్టింది. మిగిలిన ఒక్క ప్రతి ఆధారంగా 2011లో మళ్ళీ అచ్చయింది.

శవాల ఫోటోలను సహించిన ప్రభుత్వం నల్ల సిరా బొమ్మలను ఎందుకు కాల్చింది? నాకు తోచే జవాబు ఇది. ఉత్త దైన్యం ఎవరినీ నేరస్తుణ్ణి చేయదు. పేరు, ఊరు, కారణం కలిస్తే బొమ్మ వాంగ్మూలమవుతుంది. వాంగ్మూలం ఉన్నచోట ముద్దాయి కూడా ఉంటాడు.

అదే ఏడు కలకత్తా వీధుల్లో జైనుల్ ఆబెదిన్ (1914–1976) బొమ్మలు గీస్తున్నాడు. మైమెన్‌సింగ్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. చవక రకం కాగితం, నల్ల సిరా, ఎండు కుంచె – అంతే. చెత్తకుండీ దగ్గర కాకులు, కుక్కలు, మనుషులు ఒకే వరసలో ఉంటారు. నేపథ్యం ఉండదు. భవనాలు, దుకాణాలు, ట్రాములు ఏవీ లేవు. కలకత్తా వాళ్ళను చూడలేదు గనక అతడు కలకత్తానే చూపించలేదు. గీత కరుగ్గా, విరిగినట్టు ఉంటుంది. ఇక్కడ రూపం వస్తువులోంచి పుట్టింది.

సునీల్ జానా కెమెరాతో చేసిన పనిని కూడా ఈ కోవలో చేర్చాలి. పార్టీ కార్యదర్శి పి.సి. జోషీతోపాటు బెంగాల్ తిరిగి, 'పీపుల్స్ వార్' పత్రికకు ఫోటోలు తీశాడు. చిట్టగాంగ్ కుర్రవాడు సోమనాథ్ హోర్ చిత్తప్రసాద్ ప్రోద్బలంతో బొమ్మలు మొదలుపెట్టి, 1946లో తెభాగా రైతుల మధ్యకు వెళ్ళి డైరీ రాశాడు, బొమ్మలు గీశాడు. 1943లో వీధిలో పడి ఉన్న రైతే 1946లో పంటలో మూడింట రెండు వంతులు నాదని నిలబడ్డాడు. వలస మనిషిని బాధితుడిగా మాత్రమే చూసేవారికి ఈ రెండో బొమ్మ ఎన్నటికీ కనిపించదు.

1947: కెమెరా చూపు, కుంచె మౌనం

సిరిల్ రాడ్‌క్లిఫ్ అంతకు ముందెన్నడూ ఈ దేశానికి వచ్చినవాడు కాడు. 1947 జూలై 8న దిగాడు. అయిదు వారాల్లో పంజాబును, బెంగాల్‌ను చీల్చే గీత గీశాడు. ఆగస్టు 17న, అంటే స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకు, ఆ గీత ప్రజలకు తెలిసింది. కోటికి పైగా జనం ఇటూ అటూ కదిలారు.

ఆ ప్రయాణాన్ని ప్రపంచానికి చూపినది అమెరికన్ 'లైఫ్' పత్రిక, మార్గరెట్ బోర్క్‌వైట్ ఫోటోలతో. ఆమె గొప్ప ఛాయాగ్రాహకురాలు. అందులో సందేహం లేదు. ఆకాశం అంచున బారులు తీరిన ఎడ్లబండ్లు, భార్యను భుజాన మోస్తున్న రైతు – ఇవి ఏదో పురాణకాలపు ప్రయాణంలా కనిపిస్తాయి. కాని ఫోటో సరిగ్గా కుదరడం కోసం నడుస్తున్న కాందిశీకులను మళ్ళీ మళ్ళీ వెనక్కి పంపి నడిపించిందని ఆమెతో ఉన్న విలేఖరే తర్వాత చెప్పింది. వాళ్ళు కాదనడానికి కూడా భయపడ్డారట. ఇది ఒక వ్యక్తి తప్పుగా కొట్టిపారేస్తే సరిపోదు. నడిచేవాడు గుంపులో ఒకడు, చూసేవాడు దూరంగా, కొంచెం ఎత్తున నిలబడ్డవాడు – ఈ సంబంధమే అలాంటి బొమ్మను కోరుతుంది. పురాణమయ్యాక ఇక రాడ్‌క్లిఫ్ ఎక్కడ? మౌంట్‌బాటెన్ ఎక్కడ? విధి ఒక్కటే మిగులుతుంది.

మరి మన చిత్రకారులు? మంటో మొదలుకొని ఉర్దూ, పంజాబీ, హిందీ కథకులు విభజనను గురించి రాశారు. చిత్రకళలో ఆ పాటి గొంతు వినిపించలేదు. జీలం పట్టణంలో పుట్టిన సతీష్ గుజ్రాల్ ఏడుస్తున్న స్త్రీలను, ముడుచుకుపోయిన దేహాలను చిత్రించాడు. అతడు మినహాయింపు. 1947లోనే బొంబాయిలో ఏర్పడిన ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు దృష్టి ప్రధానంగా కొత్త రూపం మీద ఉన్నది. ఆ గ్రూపుకు దగ్గరగా మెలిగిన తయ్యబ్ మెహతా ఆ రోజుల్లో తన ఇంటి కింద వీధిలో ఒక మనిషిని కొట్టి చంపడం చూశాడు. ఆ మనిషి అతని కాన్వాసు మీద కింద పడిపోయే దేహంగా తేలడానికి ఏళ్ళు పట్టింది. గాయం తాజాగా ఉన్నప్పుడు కుంచె మాట్లాడలేకపోయింది.

గీతనే బొమ్మ చేసినామె

ఇక్కడ మన వాళ్ళలో కొందరికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. విభజన మీద వచ్చిన అతి బలమైన చిత్రాలలో ఒకదానిలో మనిషే లేడు. అది జరీనా (1937–2020) 2001లో చేసిన చెక్క అచ్చు 'డివైడింగ్ లైన్'.

జరీనా అలీగఢ్‌లో పుట్టింది. తండ్రి అక్కడి విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యుడు. ఆమె గణితం చదివింది. 1959లో కుటుంబం కరాచీకి తరలిపోయింది. ఆమె బ్యాంకాక్, పారిస్, చివరకు న్యూయార్క్‌లో బతికింది. 'డివైడింగ్ లైన్'లో ఉన్నది ఒక్క నల్లని వంకర గీత. అది రాడ్‌క్లిఫ్ గీత. దేశాల పేర్లు లేవు, ఊళ్ళు లేవు. అయితే పని చేసిన తీరు గమనించాలి. ఆమె గీతను చెక్కలేదు. గీతను ఉంచి దానికి అటూ ఇటూ ఉన్న చెక్కనంతా ఉలితో తొలిచేసింది. ఆ ఉలి దెబ్బల ఆనవాళ్ళు కాగితం మీద చిన్న చిన్న గాట్లుగా మిగిలాయి. రాడ్‌క్లిఫ్ కలం ఒక గీత గీసి, చుట్టూ ఉన్న జీవితాన్ని లేనట్టు చూసింది. జరీనా ఉలి ఆ గీత నిలబడాలంటే ఎంత తొలగించాల్సి వచ్చిందో చూపింది.

దీన్ని రూపవాదం అందామా? మనిషి లేని చోట వర్గం ఎక్కడ, చరిత్ర ఎక్కడ అని అడిగే మిత్రులున్నారు. ప్రశ్న న్యాయమైనదే. కాని సరిహద్దు అనేది భూమి మీద సహజంగా ఉన్న వస్తువు కాదు, ఒక చేయి చేసిన పని అని ఇంత సూటిగా చెప్పిన వాస్తవవాద చిత్రం ఏది? కారణాన్ని చూపడమే వాస్తవికతకు ప్రాణమైతే, ఈ గీత వాస్తవికమే. ఆమె మరో శ్రేణి 'హోమ్ ఈజ్ ఎ ఫారిన్ ప్లేస్' (1999)లో 36 అచ్చులు, ఒక్కోదానికి ఒక్కో ఉర్దూ మాట. 'లెటర్స్ ఫ్రమ్ హోమ్' (2004)లో కరాచీలోని అక్క రాసి పోస్టు చేయని ఉత్తరాలు. పోగొట్టుకున్న ఇంటికి చిరునామా భాష.

ముంబయి కళాకారిణి శిల్పా గుప్తా ఇంకో దారిలో వెళ్ళింది. భారత్–పాకిస్తాన్ సరిహద్దులో 2007 చివరి నాటికి 1,188.5 మైళ్ళ మేర కంచె ఉన్నది. ఆ పొడవులో 14.9వ వంతు దారాన్ని, అంటే దాదాపు 80 మైళ్ళ దారాన్ని, చేత్తో ఉండగా చుట్టి అద్దాల పెట్టెలో పెట్టింది. ఆ కృతి పేరే '1:14.9'. రాజ్యం వేసిన కంచె చేతిలో పట్టే దారపు ఉండ అయింది. చుట్టినదాన్ని విప్పవచ్చునని మన నేత ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు.

2020లో మళ్ళీ

2020 మార్చి 24 రాత్రి నాలుగు గంటల వ్యవధిలో దేశం మూతపడింది. వలస కూలీలు మళ్ళీ నడిచారు. మన మిరప చేలల్లో పనికి వచ్చి, కాలినడకన ఛత్తీస్‌గఢ్ బయల్దేరిన 12 ఏళ్ళ ఆదివాసీ పిల్ల ఊరు చేరకుండానే మరణించింది. కూలీలను తీసుకుపోయిన మొదటి ప్రత్యేక రైలు మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. ఎంతమంది దారిలో చనిపోయారో లెక్క లేదని ఆ సెప్టెంబరులో కేంద్రప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. చిత్తప్రసాద్ పేర్లు రాసుకోవడం ఎంత పెద్ద పనో ఈ ఒక్క జవాబు చెబుతుంది.

ఆ ఏడాది కలకత్తా బారిషా క్లబ్ పూజా పందిరిలో శిల్పి పల్లబ్ భౌమిక్ దుర్గను వలస కూలి తల్లిగా మలిచాడు. చంకన బిడ్డ, వెంట పిల్లలు, సాయం కోసం వచ్చిన నడక. లక్షల మంది ఎరిగిన దేవత ముఖం మీద కూలితల్లి అలసటను పెట్టడం సాహసమే. ప్రజల పండుగలోకే ఆ ప్రశ్నను తీసుకుపోయాడు. అయినా నాకొక శంక ఉన్నది. కూలితల్లి దేవత అయిపోతే ఆమెకు దండం పెట్టి ఇంటికి పోవచ్చు. కూలి రేటు, మేస్త్రీ ఎగ్గొట్టిన బాకీ, రైలు టికెట్టు – ఇవి దేవతకు ఉండవు.

మన పని

ఈ 80 ఏళ్ళ చరిత్ర నుంచి రచయితలు నేర్చుకోవలసినది బొమ్మల టెక్నిక్కు కాదు. వలస మనిషిని ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నది నేర్చుకోవాలి. చిత్తప్రసాద్ అతని ఊరికి వెళ్ళాడు. జైనుల్ ఆబెదిన్ అతని పక్కన నేల మీద కూర్చున్నాడు. జరీనా గీత గీసిన చేతివైపు వేలు చూపింది. ముగ్గురిలో ఎవరూ ఎత్తున నిలబడి గుంపును చూడలేదు.

పాలమూరు కూలి గురించి, బొంబాయి బస్సెక్కినవాడి గురించి, గల్ఫ్ నుంచి పెట్టెలో తిరిగివచ్చిన శవం గురించి మనం రాశాం. అది అవసరం. కాని ఇవాళ మనం వలస పోయేవాళ్ళం మాత్రమే కాదు. వలస వచ్చినవాళ్ళ చేత పని చేయించుకునేవాళ్ళం కూడా. మన ఇటుక బట్టీల్లో ఒడియా కుటుంబాలున్నాయి. హైదరాబాద్ మేడల మీద బీహార్, జార్ఖండ్ కుర్రవాళ్ళున్నారు. మన భాషలో వాళ్ళకు పేర్లున్నాయా? పాత్రలుగా వస్తున్నారా, లేక నేపథ్యంలో నెత్తిన తట్టలతో నడిచిపోతున్నారా? బర్మాలో మన తాతలను 'కొరంగీలు' అని ఒకే మాటతో కట్టగట్టి పిలిచినట్టు, మనమూ వీళ్ళను 'బీహారోళ్ళు' అని ఒకే మాటలో తోసేయడం లేదా?

'ఏ దిక్కుకు పోవాలి' అని కాందిశీకుడు అడుగుతూనే ఉన్నాడు. ఆ ప్రశ్నను అతని నోటనే వినిపించే కథ, దానికి కారణమైన చేతిని పేరుపెట్టి చూపే కథ తెలుగులో రావలసి ఉన్నది.