బస్తరు రథమునకు పట్టు

1323లో ఓరుగల్లు పతనమైన పిదప ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తరు చేరి రాజ్యము స్థాపించెనని వంశకథనము. ఆ వంశపు పురుషోత్తమదేవుడు పూరీ యాత్రానంతరము రథోత్సవము నెలకొల్పెనందురు. నేడు జగదల్‌పూరు దసరా 75 దినములు సాగును.

వడ్రంగి క్లాంపు అతుకు ఆరువరకే కొయ్యను పట్టియుంచి, పిదప గోడమేకునకు చేరును. రథమునందలి పట్టు అట్టిది కాదు. వందలమంది లాగినను వదలరాదు. బేడా ఉమర్‌గావ్ వడ్రంగులు బాడిసలతో దుంగలు చెక్కగా, వానిని పట్టియుంచు మేకులను, ఇనుపపట్టీలను ఝార్ ఉమర్‌గావ్ కమ్మరులు సాగగొట్టుదురు. ఒక ఊరు రాకున్న రెండవ ఊరి పని వ్యర్థమే! చక్రమున ఇరుసురంధ్రము తొలుచుటకు 'నార్ ఫోడ్నీ' యను ప్రత్యేకపూజ కలదు. రంధ్రము వంకరైనచో చక్రము సరిగా దొర్లునా? లాగుమోకులు సియాడి నారతో పేనినవి. ఇప్పుడు రథముపై రాజు కూర్చుండడు. దంతేశ్వరీదేవి ఛత్రమే ఊరేగును.