స్థలము మారిన దేవళము

ఆనకట్ట కొరకు దేవళము కదలవలసి వచ్చుట యన నేమో ఆంధ్రులకు వేరుగ చెప్పనక్కరలేదు. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. కృష్ణ నీట మునుగనున్న నాగార్జునకొండ లోయను 1954 మొదలు 1960 వరకు త్రవ్వి, ముఖ్యమైన కట్టడములు కొన్నింటిని కొండమీదికిని, అనుపునకును తరలించిరి. ఇంచుమించుగ ఆ యేండ్లలోనే చైనా దేశమున హ్వాంగ్ హో నదీతీరమున ఒక తావో దేవళమునకు ఇట్టి సంకటమే వచ్చినది. ఆ కథను నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాము.

షాన్సీ రాష్ట్రపు దక్షిణపు కొసను, నది యొడ్డున, యోంగ్లె అను నూరు కలదు. ఆ మాటకు శాశ్వతానందమని యర్థము. తావో మతస్థులు కొలిచెడి యెనమండుగురు అమరులలో నొకడైన లూ డోంగ్‌బిన్ అచ్చట జన్మించెనని ప్రతీతి. ఆయన గుడి 1244లో అగ్నికి ఆహుతి కాగా, 1247 మొదలు 1262 వరకు పెద్ద యాలయమును నిర్మించిరి. అవి మంగోలుల దినములు. తావో గురువు చియూ చూజీ 1222లో చెంగిజ్ ఖానును దర్శించి యాదరము పొందుటచే, ఆయన శాఖకు రాజాశ్రయము లభించియుండెను.

ద్వారము దాటిన పిమ్మట మూడు ప్రధాన మందిరములు దక్షిణోత్తరముగ నొకే వరుసను నిలిచియున్నవి. ఇచ్చట కప్పు బరువంతయు కొయ్యస్తంభములదే. స్తంభముల తలలపై అంతస్తులుగ పేర్చిన కొయ్యచేతులు చూరును ముందునకు చాచి నిలుపుచున్నవి. గోడలు మోయవలసినది లేదు. కావుననే అవి చిత్రకారులకు ఫలకములైనవి. మొదటిదియు పెద్దదియు నగు త్రిశుద్ధుల మందిరము ఏడంకణముల వెడల్పు, నాలుగంకణముల లోతు గలది. లోపలి స్తంభములను తగ్గించి, పూజకు విశాలమైన చోటు కల్పించిరి.

ఆ మందిరపు గోడలపై 1325లో లోయాంగ్ నగరపు చిత్రకారులు నాలుగు మీటర్లకు మించిన యెత్తున దేవసభను చిత్రించిరి. అందు 280కి పైగా మూర్తులున్నవి. రెండవ మందిరమున లూ డోంగ్‌బిన్ చరిత్రము గలదు. అది ముగియునప్పటికి 1358 వచ్చినది. పునాది నాటినుండి లెక్కించిన నూటపదకొండేండ్లు!

తావో పంచాంగమున ఒకటవ, ఏడవ, పదవ నెలల పదునైదవ దినములు ఆకాశ, భూమి, జలాధిదేవతల పండుగలు. చైనీయుల నెలయు మనదివలె అమావాస్యతో ముడివడినది గనుక ఇవి పున్నమి నాటి పండుగలే. నాలుగవ నెల పదునాలుగవ దినము లూ డోంగ్‌బిన్ జయంతి. పండుగనాడు పురోహితుడు దేవతలను ఆవాహన చేయును. ఈ మందిరము నడుమ నిలిచిన వానికి ఆ పిలుపు విని దేవతలందరు ముందే విచ్చేసి చుట్టును కొలువుతీరినట్లు తోచును. శిల్పమును, చిత్రమును, ఉత్సవమును ఇచ్చట విడదీయరానివి.

1957లో సాన్‌మెన్ష్యా ఆనకట్ట పని మొదలైనది. ఆలయమును సుమారు ఇరువది కిలోమీటర్ల దూరమున, రుయిచెంగ్ పట్టణము చెంతకు మార్చుటకు నిశ్చయించి 1959లో పూనుకొనిరి. కొయ్యపని విప్పి మరల కూర్చదగినది. మట్టిపూతపై నున్న బొమ్మ మాట యేమి? పనివారు గోడ వెనుకనుండి తొలిచి, రంపములతో కోసి, సుమారు వేయి చదరపు మీటర్ల చిత్రమును మూడువందలకు పైగా ముక్కలు చేసిరి. కోత దేవతల ముఖములమీదుగ పోకుండ జాగ్రత్తపడిరి. మెత్తలు పరచిన పెట్టెలలో వాటిని చేరవేసి, క్రొత్త గోడలకు బిగించి, అతుకులను రంగులతో పూడ్చిరి. 1961లో చైనా ప్రకటించిన తొలి జాతీయ రక్షిత కట్టడముల పట్టికలో ఈ యాలయమును చేరినది.

అయినను అమరుడు పుట్టిన నేలను పెట్టెల కెత్తలేకపోయిరి. నేడది ముఖ్యముగ చిత్రములను చూడవచ్చువారి క్షేత్రము. లాభమెంతయో నష్టమెంతయో తూచుట మా తరము కాదు. ఒక్కటి మాత్రము చెప్పగలము: నూటపదకొండేండ్లు వెచ్చించి కట్టినవారి యోర్పునకు, విప్పి కూర్చినవారి యోర్పు తీసిపోలేదు. నీటికి చోటు విడువక తప్పనప్పుడు, మనిషి చేయగలిగిన మర్యాద యదియే. నాగార్జునకొండకు పడవపై పోవు శ్రోతలు ఈ మాటను ఒకపరి తలతురు గాక!