ఆక్సీకరణ ఒత్తిడి, క్లోమగ్రంథి నొప్పి: ఢిల్లీ ఎయిమ్స్ ప్రయోగం ఏం తేల్చింది?

న్యూఢిల్లీ: దీర్ఘకాలిక క్లోమగ్రంథి వాపు ఉన్నవారిని అన్నిటికంటే ఎక్కువగా బాధించేది కడుపునొప్పి. పైకడుపులో మొదలై వెన్నులోకి పాకే ఈ నొప్పి కొందరిని రోజుల తరబడి వదలదు. తింటే ఎక్కువవుతుందన్న భయంతో రోగులు తిండి తగ్గించి చిక్కిపోతారు. మద్యం ఈ వ్యాధికి ఒక ప్రధాన కారణమే గాని, భారతదేశంలో మద్యం ముట్టని యువకుల్లోనూ ఇది తరచుగా కనిపిస్తుంది. విటమిన్లు, సెలీనియం కలిపిన మాత్రలు వీరికి ఉపశమనం కలిగిస్తాయా అన్న ప్రశ్నకు న్యూఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2009లో ఒక సమాధానం ప్రచురించారు. అది ఎవరికి, ఎంతవరకు వర్తిస్తుందన్నది నేటికీ చర్చనీయాంశమే.

కణాలు ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసుకునేటప్పుడు అందులో స్వల్పభాగం సూపర్‌ఆక్సైడ్ అనే చురుకైన రూపంలోకి మారుతుంది. వాపు ఉన్నచోటికి చేరే తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి దీన్ని పెద్దమొత్తంలో విడుదల చేస్తాయి. దీన్ని అదుపు చేసే మొదటి ఎంజైము సూపర్‌ఆక్సైడ్ డిస్మ్యుటేజ్. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ 1969లో దీని పనిని వెల్లడించారు. ఈ ఎంజైము సూపర్‌ఆక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. అంతటితో ముప్పు తొలగదు. ఇనుము తగిలితే పెరాక్సైడ్ నుంచి అంతకంటే తీవ్రమైన హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. ఆ పరిస్థితి రాకుండా కాటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు పెరాక్సైడ్‌ను విచ్ఛిన్నం చేసి నీరుగా మారుస్తాయి. ఈ ఏర్పాటు తట్టుకోలేనంతగా చురుకైన ఆక్సిజన్ రూపాలు పెరిగిపోవడమే ఆక్సీకరణ ఒత్తిడి.

ఈ ఆయుధాలు మనిషికే పరిమితం కావు. జీర్ణాశయ పుండ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా సొంత కాటలేజ్, డిస్మ్యుటేజ్‌లతో తెల్లకణాల దాడిని తట్టుకుంటుంది. ఆ దాడిలో దెబ్బతినేది చుట్టూ ఉన్న జీర్ణాశయ పొర.

ఎంజైములు ప్రోటీన్లు కనుక వాటిని నేరుగా మింగితే చాలావరకు జీర్ణమైపోతాయి. వాటికి కావలసిన సామగ్రిని అందించడమే వైద్యులకున్న మార్గం. గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌కు సెలీనియం కావాలి. గ్లూటాథయోన్ తయారీకి మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం ముడిసరుకు. క్లోమగ్రంథి వ్యాధికి ఆక్సీకరణ ఒత్తిడే మూలమన్న వాదనను 1980లలో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో జోన్ బ్రగాంజా ముందుకు తెచ్చారు.

ఆ వాదనను ఎయిమ్స్‌లో పాయల్ భరద్వాజ్, ప్రమోద్ కుమార్ గార్గ్ తదితరులు 127 మంది రోగులపై పరీక్షించారు. వీరి సగటు వయసు సుమారు 30 ఏళ్లు. 92 మందికి వ్యాధి కారణం తెలియదు; మద్యం వల్ల వచ్చినవారు 35 మందే. 71 మందికి సెలీనియం, మెథియోనిన్, విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్ కలిపి ఇచ్చారు. 56 మందికి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. ఆరు నెలల తర్వాత నెలలో నొప్పి ఉండే రోజులు మందు తీసుకున్నవారిలో సగటున 7.4, ఉత్తి మాత్ర తీసుకున్నవారిలో 3.2 తగ్గాయి. నొప్పి పూర్తిగా పోయినవారు మొదటి వర్గంలో 32 శాతం, రెండో వర్గంలో 13 శాతం. ఉత్తి మాత్రతోనూ కొంత ఉపశమనం కలగడం గమనార్హం. పోల్చేందుకు రెండో వర్గం లేకుంటే ఫలితం ఉన్నదానికంటే ఘనంగా కనిపించేది.

మాంచెస్టర్ వైద్యులు 2012లో ప్రచురించిన ప్రయోగం భిన్నమైన ఫలితాన్నిచ్చింది. అక్కడ 70 మంది రోగుల రక్తంలో యాంటీఆక్సిడెంట్లు పెరిగాయి గాని నొప్పిలో తేడా రాలేదు. వారు ఢిల్లీ రోగులకంటే పెద్దవయసువారు. అధికశాతం మందికి మద్యమే కారణం. నొప్పి ఏళ్ల తరబడి కొనసాగితే నాడీవ్యవస్థే మారిపోతుందని, ఆ దశలో ఆక్సీకరణను తగ్గించినా ప్రయోజనం ఉండకపోవచ్చని ఒక వివరణ. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ బృందం ఈ కోణాన్నీ పరిశీలించింది. క్లోమనాళంలోని రాళ్లు తొలగించాక మళ్లీ నొప్పి వచ్చినవారికి యాంటీఆక్సిడెంట్లతోపాటు నాడీ నొప్పికి వాడే ప్రెగాబాలిన్ కలిపి ఇస్తే ఉపశమనం కలిగినట్లు 2016లో వెల్లడించింది. అన్ని ప్రయోగాలను కలిపి చూసిన 2014 నాటి కోక్రేన్ సమీక్ష మాత్రం యాంటీఆక్సిడెంట్లతో నొప్పి కొద్దిగానే తగ్గుతుందని తేల్చింది.

ఎయిమ్స్ ప్రయోగంలో రోజుకు ఇచ్చిన సెలీనియం 600 మైక్రోగ్రాములు. అమెరికా నిపుణులు పెద్దలకు సూచించిన గరిష్ఠ పరిమితి 400 మైక్రోగ్రాములే. అది మించితే జుట్టు రాలడం, గోళ్లు పెళుసుబారడం వంటి లక్షణాలు రావచ్చు. బీటా కెరోటిన్ విషయంలో పొగతాగేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఫిన్‌లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిపి 1994లో ప్రచురించిన ప్రయోగంలో, ఆ మాత్రలు వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. క్లోమగ్రంథి వాపు రోగుల్లో పొగతాగేవారు చాలామందే ఉంటారు.