బొండం ముట్టొద్దు మావయ్యా

2018 అక్టోబరు 10, దసరా నవరాత్రులు మొదలైన రోజు. వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రపు హోరు వినపడే ఓ ఊళ్లో మీరున్నారనుకోండి. రాత్రి కరెంటు పోయింది. సెల్‌ఫోను లైటు వేసుకుని ఒకావిడ గడప గడపకూ వెళ్తోంది. ఆ ఊరి ఆశా కార్యకర్త. చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో నోటుపుస్తకం.

"మామ్మా, నెగు. ఇస్కూలుకి ఎల్లిపోదాం."

"గేదిని ఒగ్గీసి ఎలాగొస్తానమ్మా?"

"పలుపు ఇప్పీసి ఒగ్గీ. అదే బతుకుతాది."

ఆవిడ వెనకే నడవండి. నెలలు నిండిన కోడలున్న ఇంటి ముందు ఆగదు. ఆ పిల్లను సాయంత్రమే ఆటోలో పలాస పంపేసింది. చూపు ఆనని ముసలాయన్ని ఇద్దరు కుర్రాళ్లకు అప్పజెప్పింది. డయాలసిస్‌కు వెళ్లే మనిషి ఫైలు, మందులు తడవకుండా కవర్లో కట్టించింది.

తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. బడి కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి, పిల్లలు తల్లుల కొంగుల్లో దూరిపోయారు. తెల్లారాక బయటికొస్తే ఊరు గుర్తుపట్టలేరు. కొబ్బరిచెట్లు దారికి అడ్డంగా పడున్నాయి. జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. స్తంభాలు ఒరిగాయి. కరెంటు లేదు కనక మోటార్లు తిరగవు, కుళాయిల్లో చుక్క రాదు.

కానీ ఎక్కడ చూసినా బొండాలే. కత్తి పుచ్చుకుని ఎవరికి దొరికింది వాళ్లు కొట్టుకు తాగుతున్నారు. ఆ డయాలసిస్ మనిషీ ఒకటి అందుకున్నాడు. ఆవిడ పరుగున వెళ్లి చేతిలోంచి లాక్కుంది.

"బొండం ముట్టొద్దు మావయ్యా!"

"దాహవేస్తందే తల్లీ."

"గుక్కెడు మంచినీళ్లు ఇస్తాను. ఇది మాత్రం నీకు పడదు."

కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. చెడిపోయిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. అందులోనూ దారి మూసుకుపోయి డయాలసిస్ తప్పే రోజున ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బుతో నలుగుతున్న ఈ ఉద్దానం ప్రాంతంలో, ఎంతమంది వైద్యులు వెతికినా కారణం పూర్తిగా తేలని ఆ జబ్బు మధ్య, ఈ ఒక్క మాట ఆ పూట ఒక ప్రాణం.

ఆవిడ అక్కడితో ఆగలేదు. గొడ్డళ్లు పట్టుకున్న మగవాళ్లతో, "ముందు పలాస దారి కొట్టండర్రా, తోటల సంగతి తర్వాత" అంది. డయాలసిస్ మిషనుకు కరెంటు కావాలి, ఒక్క విడతకే వంద లీటర్లకు పైగా శుద్ధి చేసిన నీళ్లు కావాలి. మనిషిని ఆస్పత్రికి చేర్చినా అక్కడ జనరేటరు, ట్యాంకరు ఉండాలి.

ఇప్పుడు బడి వెనక్కి రండి. నీళ్లున్నా ఆడవాళ్లు తాగడంలేదు. మరుగుకు చోటు లేదు, చీకటిపడే దాకా ఓర్చుకోవాలి, అందుకని గొంతు ఎండబెట్టుకుంటున్నారు. కిడ్నీలకు చేటు చేసే ఈ అలవాటు ఏ నష్టం అంచనా కాగితంలోనూ ఎక్కదు. డ్వాక్రా సంఘం ఆడవాళ్లను పోగేసి, టార్పాలిన్లు కట్టించి చాటు చేసిందీ ఆవిడే. పాత చీరలు చింపి, నెలసరి వచ్చిన పిల్లలకు పంచిందీ ఆవిడే.

ఆ తుఫాను తర్వాత మార్పులు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నీళ్లు గొట్టాల్లో ఉద్దానానికి వస్తున్నాయి. ఇవన్నీ కావలసినవే. కానీ తీగలు తెగి, చెట్లు కూలిన ఆ మొదటి గంటల్లో ఊరికి దిక్కు, ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో తెలిసిన మనిషే. అంత తెలిసిన మనిషికి దక్కేది జీతం కూడా కాదు, గౌరవ వేతనం.

పంచాయతీల్లో సగం పదవులు ఆడవాళ్లకే అని రాష్ట్రంలో చట్టముంది. తుఫాను ముందు జరిగే సమావేశంలో మాత్రం ఆశా కార్యకర్త గోడ పక్కన నిలబడి ఉంటుంది. ఆమెకు కుర్చీ వెయ్యాలి. ఏ ఇంటివాళ్లను ముందు తరలించాలో ఆమె పుస్తకం చూసి తేల్చాలి. బడి తాళం, ట్రాక్టరు, జనరేటరు డీజిలు ఆమె మాట మీద కదలాలి. ఊరిని కాపాడే పని ఆమెది అయినప్పుడు, దానికి కావలసిన అధికారం కూడా ఆమెకే ఇవ్వాలి.