కళింగ శిలలు – కరుణా విజయము

శ్రీకాకుళమునకు తూర్పుగా, కళింగపట్టణమునకు చేరువలో, వంశధారానది దక్షిణతీరమున శాలిహుండము కొండ గలదు. దానిపై ఇటుకలతో గట్టిన స్తూపముల పీఠములు, చైత్యగృహముల గోడలు, భిక్షువులు నివసించిన విహారముల గదులు నేటికిని కానవచ్చును. 1919లో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ఈ శిథిలములను గుర్తించి లోకమున కెరిగించిరి. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దము మొదలుకొని వేయి సంవత్సరములకు పైగా ఇచ్చట బౌద్ధులు నివసించిరని త్రవ్వకములు తెలిపినవి. అచ్చట దొరకిన యొక చిన్న బ్రాహ్మీ శాసనమున ధర్మరాజగు అశోకుని పేరు గలదని పండితులు చదివిరి. కళింగమును రక్తసిక్త మొనర్చిన రాజు పేరు ఆ కళింగభూమియందే గౌరవముతో నిలుచుట మొదట వింతగా తోచును. ఆ వింతకు కారణము చరిత్రలోనే కలదు.

నేటి శ్రీకాకుళ, విజయనగర మండలములు ప్రాచీన కళింగములోని భాగములు. అశోకుడు పట్టాభిషిక్తుడైన ఎనిమిదేండ్లకు, అనగా సుమారు క్రీ.పూ. 261లో, మగధసైన్యము కళింగముపై బడెను. ఆ యుద్ధమున లక్షమంది హతులైరనియు, లక్షయేబదివేలమంది చెరపట్టబడి దేశాంతరమునకు గొనిపోబడిరనియు, అంతకు అనేకరెట్లు జనులు తరువాత నశించిరనియు అశోకుడే తన పదుమూడవ శిలాశాసనమున లిఖింపజేసెను. గెలిచిన రాజులు తమ శౌర్యమును రాతిపై చెక్కించుట లోకాచారము. ఈ రాజు తన పశ్చాత్తాపమును చెక్కించెను. యుద్ధమున జచ్చినవారిని గూర్చియే గాక, బ్రదికియుండియు బంధుమిత్రుల నాశమునకు కుమిలిపోవు గృహస్థులను గూర్చియు అందు విచారించెను. ధర్మముచేత సాధించు విజయమే విజయములలో ఉత్తమమైనదని నిర్ణయించెను.

అయితే గమనింపదగిన విషయ మొకటి కలదు. కళింగమున అశోకుని శాసనములు రెండుచోట్ల గలవు. ఒకటి భువనేశ్వరము సమీపమునందలి ధౌలి. రెండవది గంజాము మండలమున ఋషికుల్యానదీ తీరమునందలి జౌగడ. ఈ రెండుచోట్లను పదుమూడవ శాసనము లేదు. యుద్ధమున దెబ్బతిన్న ప్రజలయెదుట మృతుల లెక్క చెప్పబడలేదు. దానికి బదులుగా రెండు ప్రత్యేక శాసనములు చెక్కబడినవి. ప్రజలందరు తన బిడ్డలవంటివారనియు, తన బిడ్డలకు ఇహపరములందు ఏ సుఖమును కోరునో ప్రజలకును అదియే కోరుచున్నాననియు రాజు అందు తెలియజేసెను.

ఆ మాటకంటె ముఖ్యమైనది దాని వెంట వచ్చిన ఆజ్ఞ. నిష్కారణముగా ఎవనినైనను బంధించుటగాని హింసించుటగాని జరుగరాదని నగరాధికారులను హెచ్చరించెను. అసూయ, క్రోధము, క్రూరత్వము, తొందరపాటు, సోమరితనము మున్నగునవి న్యాయమునకు శత్రువులని చెప్పెను. ఈ ఆజ్ఞ అమలగుచున్నదో లేదో చూచుటకై అయిదేండ్లకొకసారి సౌమ్యుడైన యధికారిని పర్యటనకు పంపుదునని ప్రకటించెను. కరుణ కేవలము కన్నీరు కాదనియు, కచేరిలోను చెరసాలలోను కనిపింపవలసిన నడవడి యనియు దీనివలన స్పష్టమగుచున్నది.

అశోకుని కేవలము పొగడుటయు న్యాయము కాదు. పశ్చాత్తాపపడినను ఆయన కళింగమును విడిచిపెట్టలేదు. మరణశిక్షను రద్దు చేయలేదు. శిక్షపడినవారికి మూడుదినముల గడువు మాత్రమిచ్చెను. అడవులలోని జనులను బుజ్జగించుచునే, శిక్షింపగల శక్తి తనకు గలదని జ్ఞాపకము చేసెను. అందుచేతనే కాబోలు కళింగపు గాయము పూర్తిగా మానలేదు. తరువాతి కాలమున కళింగాధిపతియగు ఖారవేలుడు జైనమతాభిమాని యయ్యును మగధపై దండెత్తి, పూర్వము అచ్చటికి కొనిపోబడిన జినప్రతిమను మరల తెచ్చినట్లు హాథీగుంఫా శాసనము చెప్పుచున్నది. అహింసను బోధించు మతమును నమ్ముట వేరు. పగను విడుచుట వేరు.

పగ యెచ్చటికి గొనిపోవునో ఉత్తరాంధ్రమునకు వేరొకరు చెప్పనక్కరలేదు. 1757 జనవరి 24వ తేదీన పెదవిజయరామరాజు ప్రోద్బలముతో బుస్సీ నాయకత్వమునందలి ఫ్రెంచిసైన్యము బొబ్బిలికోటను ముట్టడించెను. కోటలోని స్త్రీలును శిశువులును అగ్నికి, కత్తికి ఆహుతియైరి. కొలదిదినములలోనే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలో ప్రవేశించి విజయరామరాజును పొడిచి చంపి, తానును ప్రాణములు విడిచెను. ఈ శౌర్యమును బుఱ్ఱకథలలో వినని పల్లె లేదు. కాని కథ ముగిసినచోట చరిత్ర ముగియలేదు. విజయరామరాజు తరువాత వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివారికి ఎదురుతిరిగి ఆంగ్లేయులను ఆహ్వానించెను. 1758లో చందుర్తివద్ద ఫ్రెంచివా రోడిరి. వారి స్థానమున కంపెనీవారు బలపడిరి. 1794 జూలై 10వ తేదీన పద్మనాభమువద్ద చినవిజయరామరాజు ఆ కంపెనీ సైన్యముతోనే పోరాడి నేలకొరిగెను. బొబ్బిలివారు గెలువలేదు, విజయనగరమువారును గెలువలేదు. ఇద్దరి పగయు మూడవవాని రాజ్యమునకు పునాది యయ్యెను.

దీనికి భిన్నమైన మార్గమును ఈ ప్రాంతమువాడే యొకడు చూపెను. శాలిహుండమును గుర్తించిన గిడుగు రామమూర్తి పంతులుగారే ఆయన. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రసమీపమునందలి పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండగా, కొండలనుండి దిగివచ్చు సవరల నాయన చూచెను. మైదానపు భాష తెలియని కారణమున వారు మాటకు మాట చెప్పుకొనజాలక మోసపోవుచుండిరి. వారిని తెలుగు నేర్చుకొని రండని ఆయన యనలేదు. తానే వారి భాషను నేర్చెను. సవరభాష నెరిగినవానిని తన యింట నుంచుకొని యేండ్లతరబడి శ్రమించెను. ఆ భాషలో వాచకములు, పాటలు, కథలు కూర్చి, సవర బాలురకు సొంత ఖర్చుతో బడులు పెట్టెను. ప్రభుత్వము ఆ పుస్తకములను అచ్చొత్తించి ప్రతిఫల మియ్యబూనగా, ఆ ధనముతో సవరలకు వారిభాషలోనే చదువు చెప్పించుడని కోరెను. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువడినవి. అడవిజనులకు అశోకుడు కరుణయు, బెదరింపును కలిపి పంపెను; రామమూర్తిగారి చేతిలో పలకయు పుస్తకమును మాత్రమే యుండెను.

ఒక్కని ప్రేమ అన్యాయము నంతయు తుడిచివేయజాలదు. కొండలలో భూమి చేతులు మారుట, అప్పులు పెరుగుట, వెట్టిచాకిరి ఆగలేదు. 1967 అక్టోబరు 31న లేవిడివద్ద ఇద్దరు గిరిజనులు కాల్చి చంపబడిరి. పిమ్మట అవే కొండలలో సాయుధపోరాటము చెలరేగి అనేకుల ప్రాణములను బలిగొనెను. గిరిజన ప్రాంతములందలి భూమి గిరిజనేతరుల వశము కాకుండ కట్టడిచేయు నిబంధన 1970లో బలపడెను. ఆ న్యాయము ముందే నడచియుండిన ఎన్ని ప్రాణములు నిలిచియుండునో! అహింసను బోధించువారు బాధితుని ఓర్పును మాత్రమే కోరి, బాధించువాని నడతను సరిదిద్దకున్న, ఆ బోధ వినువా రుండరు. ప్రత్యేకశాసనమున అశోకుడు మొదట ఉపదేశించినది ప్రజలకు గాదు, అధికారులకు.

ఆ శాసనమునందే గ్రంథాలయ పాఠకులు మరువరాని మాట యొకటి కలదు. దానిని తిష్యానక్షత్రము గల దినములందు ప్రజలకు చదివి వినిపింపవలెనని రాజు ఆజ్ఞాపించెను. నడుమనడుమ, వినువా డొక్కడే యైనను, వినిపింపవలెనని కోరెను. లక్షమందిని చంపుటకు ఒక సేన కావలసివచ్చెను. ధర్మమును తెలుపుటకు చదువగల వాడొకడు, వినువా డొకడు చాలునని ఆ రాజునకు తెలిసెను. గ్రామమున గ్రంథాలయము నెలకొల్పుట ఆ యాజ్ఞను పాలించుటయే. సాయంకాలము దీపము వెలిగించి, చదువురాని ముదుసలి కొకనికి పత్రికను చదివి వినిపించు బాలుడు, శాలిహుండపు భిక్షువులు నడచిన త్రోవనే నడచుచున్నాడు.