రాజోలు సీమలో పద్యం, పాట

తెలుగులో పద్యం కట్టేవారు ముందుగా రెండు లెక్కలు నేర్వాలి. ఒకటి ప్రాస, రెండోది యతి. పద్యంలోని నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంగా ఒకే హల్లు రావడం ప్రాస. దాని ముందున్న అక్షరం మొదటి పాదంలో గురువు (రెండు మాత్రల అక్షరం) అయితే తక్కిన పాదాల్లోనూ గురువే ఉండాలి, లఘువు (ఒక మాత్ర అక్షరం) అయితే లఘువే. పాదం మొదటి అక్షరానికీ, అదే పాదంలో నియమించిన చోట వచ్చే అక్షరానికీ మైత్రి కుదరడం యతి. ఉత్పలమాలలో ఆ చోటు 10వ అక్షరం, చంపకమాలలో 11వది, శార్దూలంలో 13వది, మత్తేభంలో 14వది. సీసం, తేటగీతి, ఆటవెలదులకు ప్రాస నియమం లేదు. వాటిలో యతికి బదులు ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలకు ప్రాస కుదరడం) కూడా చెల్లుతుంది. పాదాల చివర వచ్చే అంత్యప్రాస మాత్రం పద్యానికి అలంకారమే తప్ప నియమం కాదు. కోనసీమలోని రాజోలు ప్రాంతంలో పద్యం ఎలా పాటగా మారిందో, ఎవరి నోట మారిందో తెలియాలంటే ఈ లెక్కలతోనే మొదలుపెట్టాలి.

వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ సముద్రం దాకా సాగిన నేల ఇది. వసిష్ఠ సాగరంలో కలిసే అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కోవెల ఉంది. కోనసీమ అగ్రహారాల్లో వేదంతో పాటు కావ్యపాఠమూ సాగేది. పద్యాన్ని చదవడం, కట్టడం, పురాణం చెప్పడం ఆ చదువులో భాగాలు. ఆడవారి మంగళహారతులు, లాలిపాటలు, గొబ్బిపాటలు ఏ లక్షణగ్రంథమూ చదవకుండానే ఒకరి నోటి నుంచి ఒకరికి అందుతూ వచ్చాయి.

ఈ నేలకు పొలం పాటను విస్తారంగా తెచ్చిపెట్టింది కాలువ. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ దశకంలోనే గన్నవరం దగ్గర వైనతేయ మీద అక్విడక్టు కట్టి, నది పైనుంచి కాలువను దాటించి ఈ లంక భూములకు నీరిచ్చారు. వరి సాగు పెరిగింది, దానితో నాట్లకు, కలుపులకు, కోతలకు కూలి జనం పెద్ద సంఖ్యలో కావలసి వచ్చింది. నాట్ల వేళ ఒకరు పాట ఎత్తుకుంటే మిగిలినవారు వంత పాడతారు. వంత సాగుతుండగా ముందున్న మనిషి తర్వాతి చరణం అల్లుకుంటుంది. ఇక్కడ గణాలు (గురులఘువుల కూర్పులు) లెక్కపెట్టే తీరిక ఉండదు. నడుం వంచి లేచే పని నడకే మాత్రల లెక్క అవుతుంది. పాటను గుర్తుపెట్టుకోవడానికి ప్రాస, పాదాన్ని విరుచుకోవడానికి యతి అలవాటుగా వచ్చి చేరతాయి.

వసిష్ఠకు ఆవలి ఒడ్డున నరసాపురం, పాలకొల్లు ఉన్నాయి. 1836లో భారతదేశానికి వచ్చి అక్కడ పనిచేసిన బౌడెన్, బీర్ అనే మిషనరీల వల్ల గోదావరి డెల్టా మిషన్ ఏర్పడింది. దళితవాడల్లో ప్రార్థన పాటకు చోటు దొరికింది. పురుషోత్తమ చౌదరి వంటివారు రాగతాళాలతో, పల్లవి చరణాలతో రాసిన కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటంలో చేరి తెలుగు చర్చిలన్నింటా వినబడ్డాయి. పద్యం చదువుకునే అవకాశం లేనివారికి కూడా రాసిన పాట ఈ దారిలో అందింది.

19వ శతాబ్ది చివర పద్యాన్ని సభలోకి తెచ్చినవారు తిరుపతి వేంకట కవులు. వారిలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1870లో కడియంలో పుట్టి, కోనసీమ అంచునున్న యానాంలో పెరిగారు. దివాకర్ల తిరుపతిశాస్త్రితో కలిసి ఆయన చేసిన అవధానాలు ఆశువుగా పద్యం చెప్పడాన్ని జనం చూసే వేడుకగా మార్చాయి. వారి పాండవ నాటకాల పద్యాలు పల్లెపల్లెకూ చేరి, అక్షరం రానివారి నోటికి కూడా వచ్చాయి.

ఆ కవుల కాలంలోనే గురజాడ అప్పారావు 1910లో ముత్యాలసరాలతో మాత్రాఛందస్సుకు కొత్త నడక ఇచ్చారు. 3, 4 మాత్రల కూర్పుతో సాగే ఆ పాదం పద్యానికీ పాటకూ మధ్య నిలిచింది. సహాయ నిరాకరణ రోజుల్లో గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ రాసి జైలుకు వెళ్లారు. రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న అదే వరసలో ‘మాకొద్దీ నల్లదొరతనము’ కట్టి, స్వదేశీ అగ్రవర్ణాల పెత్తనాన్ని నిలదీశారు. జనానికి అప్పటికే నోటికి వచ్చిన బాణీని తీసుకుని మాట మార్చడం పాటకవి చేతిలోని బలమైన ఉపాయం. దాన్ని ధర్మన్న కుల ప్రశ్నకు వాడుకున్నారు.

రాజోలు తాలూకా నుంచి ఈ దారిలో వచ్చిన పెద్ద కవి బోయి భీమన్న. 1911 సెప్టెంబరు 19న మామిడికుదురులో పేద దళిత కుటుంబంలో పుట్టారు. పద్యం, గేయం, నాటకం, వచన కవిత అన్నీ రాశారు. పాలేరు కుర్రాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరు కావడం ఆయన ‘పాలేరు’ నాటకం కథ. ఊరూరా ఆడిన ఆ నాటకం దళిత కుటుంబాలకు చదువు మీద ఆశ కలిగించింది. ‘గుడిసెలు కాలిపోతున్నాయి’ కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, ఆయనకు 2001లో పద్మభూషణ్ లభించాయి. 2005లో మరణించారు. అగ్రహారపు విద్యగా ఉన్న ఛందస్సు పాలేరు వాడకు చేరి, అక్కడి బతుకును చెప్పడానికి పనికొచ్చిందనడానికి ఆయన రచనలే రుజువు.

సినిమా వచ్చాక పాట కట్టే వరస తిరగబడింది. చాలా పాటలకు బాణీ ముందు, మాట తర్వాత. సంగీత దర్శకుడు ఇచ్చిన తత్తకారంలో (మాటల్లేని బాణీ పలుకుల్లో) గురులఘువులు ఎక్కడ పడ్డాయో చూసి, ఆ కొలతకు మాట ఏరుకోవడం రచయిత పని అయింది. సినిమా పాటలో యతి తప్పినా అడిగేవారు లేరు, అంత్యప్రాస మాత్రం దాదాపు తప్పనిసరి అయింది. రాజోలు వైపు నుంచి వసిష్ఠ దాటితే వచ్చే దొడ్డిపట్లలో 1984లో పుట్టిన అనంత శ్రీరామ్ ఈ పనిలో పేరు తెచ్చుకున్న నేటి రచయితల్లో ఒకరు.

పద్యానికి రాజాశ్రయం పోయింది, నాట్ల పాట యంత్రాల రాకతో తగ్గుతోంది. అయినా పొలంలో, చర్చిలో, నాటకంలో, సినిమాలో మాటను నోటికి కట్టి ఉంచింది ప్రాసే. ఈ సీమ పాటల చరిత్రలో పాడేవారు మారారు, చెప్పే విషయం మారింది. ప్రాస అవసరం మాత్రం మారలేదు.